అన్నయ్య స్నేహితుడు
(రేడియో ప్రసంగ పాఠం)

 జెద్దా నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మాట్లాడబోయేది ప్రేమ నవలల గురించి. అందులోనూ ఒకే ఒక్క రకం గురించి. ఇదేం విషయమండీ అని రేడియో కట్టేయకండి. ఆడపిల్లలూ మగపిల్లలూ ఉన్న ప్రతి ఇంటికీ ఇందులో ఎంతో కొంత సంబంధం ఉంది.

ఇంగ్లీషు పాపులర్ నవలల్లో ఈ రకానికి చాలా గిరాకీ. కథ ఇంచుమించు ఇలా ఉంటుంది. ఒక చిన్న ఊరు. అందరికీ అందరూ తెలుసు. ఆ ఊరి అమ్మాయి కొన్నేళ్ళు ఎక్కడో ఉండి తిరిగొస్తుంది. ఎవరో ఆమెను వెంటాడుతుంటారు. లేదా ఎప్పుడో పాతిపెట్టిన హత్య ఒకటి మళ్ళీ బయటికి వస్తుంది. ఆమెకు అండగా నిలబడేవాడు ఆమె అన్నకు ప్రాణస్నేహితుడు. ఏ పోలీసు అధికారో, సైన్యం నుంచి తిరిగొచ్చినవాడో అయివుంటాడు. ఇద్దరి మధ్యా ప్రేమ పుడుతుంది. అన్నకి తెలియకూడదు. హంతకుడు ఎవరన్నది ఒక ఉత్కంఠ, అన్నకి ఎప్పుడు తెలుస్తుందన్నది ఇంకో ఉత్కంఠ. ఈ రెండు తాళ్ళూ పేనుకుంటూ మూడు వందల పేజీలు నడుస్తాయి.

మా బిల్డింగులో ఉండే పదో తరగతి అమ్మాయి ఒకతె ఇలాంటివి వారానికి రెండు చదువుతుంది. పుస్తకం కొనక్కరలేదు, ఫోనులోనే దొరుకుతాయి. వాళ్ళమ్మ ఒకరోజు నన్నడిగారు: "ఏముంటుందండీ వాటిలో? చదవనివ్వచ్చా?" చదవనివ్వండి అన్నాను. కానీ ఆ జవాబు నాకే చాలలేదు. అందుకే ఈ ప్రసంగం.

మొట్టమొదట గమనించాల్సిందేమిటంటే, ఈ కథ ఉన్నదున్నట్టు తెలుగులోకి రాదు. ఇంగ్లీషులో అన్న స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. మనకి ఆ వీలు లేదు. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ "అన్నయ్యకి మంచినీళ్ళు ఇవ్వమ్మా" అంటుంది. ఆ ఒక్క మాటతో అతనికి ఆ ఇంట్లో ఒక స్థానం ఏర్పడిపోతుంది. మన వరసలు తెలుసు కదా. పెదనాన్న కొడుకూ, పినతండ్రి కొడుకూ అన్నదమ్ముల వరస. మేనత్త కొడుకూ, మేనమామ కొడుకూ బావ వరస. ఒకరు పెళ్ళి ఊసే ఎత్తకూడని వాళ్ళు, ఇంకొకరు పెళ్ళి మాటతో ఏడిపించదగిన వాళ్ళు. రక్తసంబంధం లేనివాళ్ళని కూడా మనం పిలుపుతోనే ఈ రెండింటిలో ఏదో ఒక వైపు కూర్చోబెట్టేస్తాం. అన్నయ్య స్నేహితుణ్ణి ఎక్కువగా అన్నయ్య వైపే కూర్చోబెడతాం.

మన నవలలు కూడా ఈ హద్దుని గౌరవించాయి. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా'లో నాయకుడు కృష్ణ, మీనాకి బావ. 1973లో విజయనిర్మల గారు దాన్ని సినిమాగా తీశారు. 2016లో వచ్చిన 'అ ఆ' చూసినవాళ్ళకి కూడా ఆ కథ పరిచయమే. 'సెక్రటరీ'లో జయంతికి రాజశేఖరం యజమాని. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో చదరంగం ఆటగాడు రేవంత్ ప్రేమించింది ఫోనులో వినపడే గొంతుని. ఆమె ఎవరు, ఎక్కడుంది అన్నదే ఉత్కంఠ. బావ, యజమాని, ముఖం తెలియని మనిషి. ప్రేమకి వీళ్ళంతా పనికొచ్చారు. రోజూ ఇంటికొచ్చి మన కంచంలోనే భోంచేసి వెళ్ళే అన్నయ్య స్నేహితుడు మాత్రం ఎక్కువగా పక్క పాత్రగానే మిగిలాడు.

జీవితంలో మాత్రం అలా మిగలడు. నా సంగతే చెబుతాను.

మా ఊరు అమలాపురం. అన్నయ్య కాకినాడలో ఇంజనీరింగు చదివేటప్పుడు సెలవులకి ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవాడు. నేనప్పుడు ఇంటర్మీడియట్. అమ్మ చెప్పినట్టే "అన్నయ్యా" అన్నాను. అప్పుడు నా మనసులోనూ వేరే ఏమీ లేదు. ఆరేళ్ళ తర్వాత నేను ఎం.సి.ఏ. ముగించి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక, అదే ఊళ్ళో పనిచేస్తున్న ఆ మనిషి నాకు కొత్తగా పరిచయమయ్యాడు. అన్నిటికంటే ముందు మారింది పిలుపు. అన్నయ్యా అనడం ఆగిపోయింది. అలాగని పేరు పెట్టి పిలవడమూ మొదలు కాలేదు. ఏ పిలుపూ లేకుండా మాట్లాడే విద్య ఒకటుంది, తెలుగు ఆడపిల్లలకి బాగా తెలుసు. "కాఫీ తాగుతారా?" "ఇదిగో, ఇటు చూడండి." "బస్సు ఎన్నింటికట?" మాట చివర గౌరవం ఉంటుంది, మాట ముందు సంబోధన ఉండదు. ఇలా నెలల తరబడి నెట్టుకు రావచ్చు.

మా అమ్మ ఒక్క డిటెక్టివ్ నవల కూడా చదివి ఎరగదు. కానీ ఆ సంక్రాంతికి అరిసెలు వత్తుతూ తలెత్తకుండానే అడిగింది: "ఏమ్మా, అన్నయ్యా అనడం మానేశావేం?" కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ కూడా అంత త్వరగా పట్టేవాడు కాదు.

తర్వాత జరిగినవన్నీ మీరు ఊహించగలిగినవే. మా కులాలు వేరు. నాన్నగారు కులం గురించి అడిగారు, ఉద్యోగం గురించి అడిగారు, చివరికి ఊళ్ళో ఏమనుకుంటారని అడిగారు. అన్నయ్య ఒక్కటే అడిగాడు: "ఎన్నాళ్ళ నుంచి?" కులం కాదు, ఊరు కాదు, ఎన్నాళ్ళ నుంచి! తనకి అత్యంత దగ్గరైన ఇద్దరికీ తెలిసిన విషయం తన ఒక్కడికే తెలియదన్నది అన్నయ్య బాధ. ఎనిమిది నెలలు స్నేహితుడితో మాట్లాడలేదు. నాతో అవసరానికి మాట్లాడేవాడు. ఒకరోజు ఆ స్నేహితుడే ఒంటరిగా వెళ్ళి, రాత్రంతా కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పుకొచ్చాడు. అప్పుడు కరిగింది. 2013లో మా పెళ్ళయింది. "ఒరేయ్" అని పిలిచే మనిషిని అన్నయ్య "బావగారూ" అనడం మొదలుపెట్టాడు. మొదట్లో వెటకారంగా, పోనుపోను అలవాటుగా.

ఇది చెప్పడానికి కారణం ఉంది. నవలల్లో అన్నకి తెలియకపోవడం ఒక సరదా. పాఠకుడికి అన్నీ తెలుసు కాబట్టి తెలియనివాణ్ణి చూస్తుంటే ఉత్సాహం. ఇంట్లో ఆ తెలియనివాడికి ఒక పేరుంటుంది, మనతో కలిసి పెరిగిన ముఖం ఉంటుంది. ఈ రకం కథలో అసలు ప్రశ్న ప్రేమికులు కలుస్తారా లేదా అన్నది కాదని నాకనిపిస్తుంది. అది ఎలాగూ జరుగుతుంది. అన్నాచెల్లెళ్ళు ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళుగా మిగులుతారా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ఎప్పుడో తెలిసినవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. అన్నయ్య స్నేహితుణ్ణి ప్రేమించిన నాయిక అంటే మనకి మొదట గుర్తుకు రావలసింది సుభద్ర. అర్జునుడు కృష్ణుడికి ప్రాణస్నేహితుడు. తీర్థయాత్ర పేరుతో ద్వారకకి వచ్చాడు, సన్యాసి వేషంలో. ఆ కపట సన్యాసికి సపర్యలు చేసే పని సుభద్రకి పడింది. అర్జునుడి గురించి విని విని అప్పటికే మనసు పడిన పిల్ల, ఎదురుగా ఉన్నది అతనేనని తెలియక, మా పాండవులు ఎలా ఉన్నారు, అర్జునుడు ఎక్కడ తిరుగుతున్నాడు అని ఆ సన్యాసినే అడుగుతుంది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ గారు ఈ కథ చెప్పారు. పదిహేడో శతాబ్దంలో తంజావూరులో రఘునాథ నాయకుడి ఆస్థానంలో చేమకూర వేంకటకవి దీన్ని 'విజయవిలాసం'లో మళ్ళీ చెప్పాడు. తాపీ ధర్మారావు గారు దానికి రాసిన హృదయోల్లాస వ్యాఖ్యకి 1971లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పద్యాలు కష్టమనుకునేవాళ్ళు 1963లో కె.వి.రెడ్డి గారు తీసిన 'శ్రీకృష్ణార్జున యుద్ధం' చూడండి. ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అర్జునుడు, బి.సరోజాదేవి సుభద్ర.

ఇందులో రెండు సంగతులు చూడాలి. ఒకటి, వరస. కుంతి వసుదేవుడి తోబుట్టువు. అంటే అర్జునుడు సుభద్రకి మేనత్త కొడుకు, బావ. అన్నయ్య స్నేహితుడే అయినా అన్నయ్యా అని పిలవాల్సిన అవసరం ఆమెకి ఏనాడూ రాలేదు. మనకి వచ్చే మొదటి చిక్కు ఆమెకి లేదు.

రెండోది ముఖ్యమైనది. సుభద్రకి అన్నలు ఇద్దరు. భాగవతం ప్రకారం బలరాముడు ఆమెను దుర్యోధనుడికి ఇద్దామనుకున్నాడు. సన్యాసిని నమ్మి ఇంటికి పిలిచినవాడు కూడా ఆయనే. కృష్ణుడికి మాత్రం అంతా తెలుసు. చెల్లెలి మనసూ తెలుసు, స్నేహితుడి వేషమూ తెలుసు. తీరా ఇద్దరూ రథమెక్కి వెళ్ళిపోయాక బలరాముడు మండిపడ్డాడు. నేను మన్నించి అన్నం పెట్టినవాడు నాకే ఇలా చేస్తాడా అన్నది ఆయన కోపం. మా అన్నయ్య కోపమూ అదే జాతిది. అప్పుడు కృష్ణుడు, అర్జునుడికంటే తగిన వరుడు ఎవరు, మంచి మాటలతో వెనక్కి పిలుద్దాం అని నచ్చజెప్పాడు. పిలిచారు, పెళ్ళి చేశారు. తర్వాత కానుకలు తీసుకుని ఇంద్రప్రస్థం వెళ్ళినవాళ్ళలో బలరాముడూ ఉన్నాడు. కవులు ప్రేమ దగ్గర కథ ఆపలేదు. కోపం వచ్చిన అన్నని తిరిగి చెల్లెలి ఇంటికి చేర్చాకే ఆపారు.

ఇంకో చిన్న ముచ్చట. దక్షిణాది మహాభారత పాఠంలో, యాదవ సైన్యం అడ్డుపడినప్పుడు అర్జునుడు బాణాలు వేస్తుంటే రథం తోలింది సుభద్రే. సౌదీలో ఆడవాళ్ళకి కారు నడిపే అనుమతి 2018 జూన్ 24న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత నేను జెద్దా రోడ్ల మీద స్టీరింగు పట్టిన మొదటి రోజున సుభద్రని తలుచుకున్నానంటే మీరు నవ్వుకోవచ్చు.

ఇక, అన్నయ్య స్నేహితుడైనంత మాత్రాన మంచివాడు అయిపోతాడా? ఈ అనుమానం కూడా పాతదే. జేన్ ఆస్టెన్ రాసిన 'నార్తాంగర్ అబ్బే' 1817 చివర్లో వచ్చింది. అందులో నాయిక కేథరిన్ పల్లెటూరి పిల్ల, భయానక నవలల పిచ్చి. ఒక పాత భవంతిలో బస చేసి, ఇంటి యజమాని తన భార్యని చంపేశాడేమోనని పెట్టెలూ గదులూ వెతుకుతుంది. అక్కడ హత్య లేదు. కానీ ఆమెకి నిజంగా హాని చేసినవాడు వేరే ఉన్నాడు. అన్నయ్య జేమ్స్ స్నేహితుడు జాన్ థార్ప్. గొప్పలు చెప్పుకుంటాడు, అబద్ధాలాడి ఆమెను తను వెళ్ళాలనుకున్నవాళ్ళతో వెళ్ళనివ్వడు. ఆమె పెద్ద ఆస్తిపరురాలని ఒకసారి, ఏమీ లేనిదని ఇంకోసారి ప్రచారం చేస్తాడు. కేథరిన్‌కి అతను మొదటి రోజే నచ్చలేదు. అయినా అన్నయ్య స్నేహితుడు కదా, అన్నయ్య మంచివాడన్నాడు కదా అని తన అభిప్రాయాన్నే తను అనుమానించుకుంది. రెండు వందల ఏళ్ళ కిందటి ఈ ఒక్క సన్నివేశం మన పిల్లలకి చదివి వినిపించదగ్గది.

ఇప్పటి ఇంగ్లీషు నవలల్లో ప్రమాదం ఎక్కువగా బయటినుంచి వస్తుంది. వెంటాడే అపరిచితుడు, పాత నేరస్థుడు. ఇల్లు, అన్న, అన్న స్నేహితుడు కాపలా. నాయకుడు ఆమెను అడగకుండా ఆమె ఫోను చూసినా, ఆమె వెనకే తిరిగినా అదంతా రక్షణ కిందే జమ. మన చిన్న ఊళ్ళలో అన్నివేళలా అలా లేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా, గర్భవతి అయిన భార్య కళ్ళముందే ప్రణయ్ అనే యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికి చంపాడు. వాళ్ళది బడి రోజుల నుంచి ఉన్న ప్రేమ. అతను దళితుడు. హత్య చేయించింది ఆమె తండ్రి. ఆ తండ్రి 2020లో చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. అక్కడ అపరిచితుణ్ణి పంపింది ఇంటిమనిషే. ఇది తెలిసిన తెలుగు ఆడపిల్ల "ఇంట్లో చెబితే ఏమవుతుంది?" అని భయపడితే, అది నవలలు చదివి తెచ్చుకున్న భయం కాదు. స్నేహితుడిగా వచ్చినప్పుడు ఏ కులంవాడికైనా కంచం పెట్టి, అల్లుడిగా వస్తానంటే తలుపు వేసే ఇళ్ళు మనకి కొత్త కాదు.

ఇదంతా అమలాపురం, మిర్యాలగూడ గొడవ, జెద్దాలో మాకేమిటి అంటారా? జెద్దా 35 లక్షలకు పైగా జనం ఉన్న నగరమే. మన తెలుగువాళ్ళకి మాత్రం చిన్న ఊరే. ఉదయం అజీజియాలో ఎవరింట్లో ఏం వండారో సాయంత్రానికి షరఫియాలో తెలుస్తుంది. బలద్ పాత ఇళ్ళకి రోషన్లని చెక్క జాలీ కిటికీలు ఉంటాయి, చూసే ఉంటారు. లోపలివాళ్ళకి వీధి కనపడుతుంది, వీధికి లోపలివాళ్ళు కనపడరు. మన సంఘం నిండా అలాంటి కిటికీలే.

తలుపుల సంగతీ అంతే. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి రెండు ద్వారాలు. ఒకటి ఇంట్లోకి, ఇంకొకటి మగ అతిథులు కూర్చునే మజ్లిస్‌లోకి. 2019 డిసెంబరు దాకా రెస్టారెంట్లకి కూడా కుటుంబాలకి ఒక ద్వారం, ఒంటరి మగవాళ్ళకి ఒక ద్వారం తప్పనిసరిగా ఉండేవి. అన్నయ్య స్నేహితుడు ఏ ద్వారం గుండా రావాలి? మజ్లిస్‌ వైపు నుంచి రావలసిన మనిషిని మనం "అన్నయ్య" అన్న ఒక్క మాటతో ఇంటి ద్వారం గుండా తీసుకొస్తాం. శుక్రవారం భోజనానికి వచ్చే బ్రహ్మచారి కుర్రాళ్ళకి, ఎడారిలో ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకి, ఆ పిలుపు ఎంత ఓదార్పో నాకు తెలుసు. ఆ మాట పోకూడదు.

కానీ ఆ మాటని తాళం అనుకోకూడదు. నా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒక ఉద్యోగికి ఏదైనా సిస్టంలోకి వెళ్ళే అనుమతి ఇస్తే, అది అతని హోదాని బట్టి ఇస్తాం. ఇచ్చి ఊరుకోం. కొన్ని నెలలకోసారి జాబితా తీసి, ఈ మనిషికి ఇది ఇంకా అవసరమా, పని మారిందా అని చూస్తాం. ఇంట్లో "అన్నయ్య" హోదా ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఎవరూ ఆ జాబితా తియ్యరు. పదేళ్ళ పాపకి అన్నయ్య అయినవాడు పదహారేళ్ళ అమ్మాయికి కూడా అన్నయ్యగానే ఉన్నాడా, ఆ అమ్మాయికి అతని రాక ఇష్టంగా ఉందా, ఇబ్బందిగా ఉందా అని ఎవరూ అడగరు. ఇష్టమైనా ఇబ్బందైనా ఆ పిల్ల చేసేది ఒకటే, పిలుపు మానేస్తుంది. గమనించండి. గమనించినప్పుడు కేసు పెట్టినట్టు కాకుండా, మా అమ్మలా అరిసెలు వత్తుతూ అడగండి.

మగపిల్లల తల్లిదండ్రులకీ ఒక మాట. చెల్లెలికి కాపలా కాయమని అన్నకి చెప్పకండి. కాపలాదారుకి ఎవరూ నిజం చెప్పరు. నీకు చెప్పుకోగలిగేలా ఉండు అని చెప్పండి. బలరాముడికి ప్రేమ తక్కువేం కాదు. కృష్ణుడికి చెల్లెలి మనసు ముందే తెలుసు, అంతే తేడా.

ఇక పుస్తకాల సంగతి. మా బిల్డింగు అమ్మాయి తల్లికి ఇప్పుడైతే ఇంకో వాక్యం కలిపి చెబుతాను. చదవనివ్వండి, చదివాక కథ చెప్పమనండి. పిల్లలు కథ చెప్పడం మొదలుపెడితే ఆపరు. అంతా విన్నాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ కథలో ఏ విషయం ఎవరికి తెలియదు? అతను ఆమెను ఎప్పుడైనా, నీకిది ఇష్టమేనా అని అడిగాడా? ఆమె స్థానంలో నువ్వుంటే ముందుగా ఎవరికి చెబుతావు?

మూడో ప్రశ్నకి మీ పేరు రాకపోతే నొచ్చుకోకండి. అత్త పేరో, పిన్ని పేరో, అన్నయ్య పేరో వచ్చినా మంచిదే. ఒక పేరంటూ ఉంది. ఏ పేరూ రాకపోతే మాత్రం, ఆ వారం మిగతా పనులు కాస్త పక్కన పెట్టండి.